శుక్రవారం ఇవ్వని రక్తం

కిందటి వారం కార్తికను ల్యాబ్‌లో ఫ్రీజర్ ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ పిల్ల చేతిలో చిన్న ట్యూబు పట్టుకుని బిక్కమొహంతో అక్కడే ఉండిపోయింది. ట్యూబు మీద పేరు అంగమ్మాళ్, కోసపాళయం. అంగమ్మాళ్ అంటే కార్తికకు పెద్దమ్మ, నాన్న రాజేంద్రన్‌కు వదిన. ఆ ట్యూబులోని రక్తంలో కొలెస్ట్రాల్ చంటిపిల్లల ఒంట్లో ఉన్నంతే ఉంది. కొలెస్ట్రాల్‌ను పెంచే జీన్ ఒకటి ఆ రక్తంలో పుట్టుకతోనే మూగబోయి ఉంది. సరిగ్గా అదే జీన్‌ను మందుతో మూగబోయేలా చేయాలని కార్తిక రెండేళ్ళుగా కిందా మీదా పడుతోంది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందని గంతులు వేయవలసిందే. కానీ గైడు రఘునాథన్‌గారికి అనుమానం వచ్చి ఇంకో పరీక్ష చేయించారు. అంగమ్మాళ్ పేరు రాసి ఉన్న ట్యూబులో మగవాడి రక్తం ఉందని తేలింది.

"ట్యూబులు తారుమారు చేశావమ్మా," అన్నారాయన. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "సోమవారం నీ పని చూడటానికి కమిటీ వస్తుంది. ఈ రక్తం ఎవరిదో ఆలోపల తేల్చు. ఒక ట్యూబు తప్పయితే మిగతావి ఒప్పని ఎలా నమ్మమంటావు? తేల్చకపోతే మీ ఇంటివాళ్ళ శాంపిళ్ళన్నీ లెక్కలోంచి తీసేస్తాను."

తీసేస్తే రెండేళ్ళ పని గంగలో కలిసినట్టే. కార్తిక మర్నాడు ల్యాబుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయింది. ఆ రోజు శుక్రవారం.

శుక్రవారమంటే ఆ ఇంట్లో అంగమ్మాళ్ రాజ్యం. తలంటుకుని, తడిజుట్టు ముడివేసుకుని, హాల్లో గూటి ముందు దీపం పెడుతుంది. గూట్లో దేవుడి పటం ఉండదు. పసుపు పూసిన చిన్న పీట, దాని మీద మడతపెట్టిన పట్టు పావడ, రెండు గాజులు ఉంటాయి. అది మీనాంబాళ్ కన్నెమ్మ. కార్తిక తాతగారికి ఒక్కతే చెల్లెలట. పెళ్ళి కాకుండానే జ్వరమొచ్చి పోయిందట. పెళ్ళికాని పిల్ల పోతే ఇంటికి దేవతవుతుందని అప్పటినుంచీ ఏటా కొత్త పావడ పెట్టి కొలుస్తున్నారు. కన్నెమ్మ దినం కాబట్టి శుక్రవారం ఆ ఇంట్లోంచి ఏదీ గడప దాటదు. పక్కింటి లోగనాయకి ఉప్పు అడిగినా, సూది అడిగినా రేపు రమ్మంటుంది అంగమ్మాళ్.

దీపం పెట్టి వంటింట్లోకి వచ్చి సాంబారు కలుపుతున్న పెద్దమ్మ వెనక కార్తిక నిలబడింది.

"పెద్దమ్మా, ఆ దినం గుణశేఖరన్ అన్న వచ్చి అందరి దగ్గరా రక్తం తీసుకొనిపోయినాడే, నువ్వూ ఇచ్చినావా?"

"ఇయ్యకేం. నీ పని కదా, ఇయ్యకుండా ఉంటానా?"

"ఏ చేతికి తీసినాడు?"

అంగమ్మాళ్ రెండు చేతులూ చూసుకుంది. ఆ చేతులు ఎవరివో అన్నట్టు చూసుకుంది. "ఎడమ చేతికి," అంది. తరువాత, "కాదే, కుడి," అంది.

"పెద్దమ్మా, నీ రక్తంలో మొగోడుండాడు."

గరిటె ఆగిపోయింది. "ఏందే ఆ మాటలు, శుక్కురారం పూట."

వీధి తిన్నె మీద కూర్చుని పేపరు చూస్తున్న రాజేంద్రన్‌కు ఈ మాట వినబడింది. మిల్లులో మగ్గాల రొదలో ముప్ఫై ఏళ్ళు పనిచేసినా ఆయన చెవులకు ఇలాంటివి మాత్రం భేషుగ్గా వినబడతాయి. "మా వదిన సగం మొగోడని నాకు పెండ్లిలోనే తెలుసు," అన్నాడు అక్కడినుంచే. గుండెకు బైపాస్ అయినప్పటినుంచి ఆయన తిండి మీద వదిన పెత్తనం చేస్తోంది. ఆ కసి ఇలా తీర్చుకుంటూ ఉంటాడు.

కార్తికకు నవ్వు రాలేదు. "సార్ నేనే తారుమారు చేసినానంటా ఉండాడు. నేను చేయలేదు పెద్దమ్మా. ఆ రక్తం ఎవురిదో తెలీకపోతే సోమవారం నా పని మొత్తం పక్కన పారేస్తారు. నీకు తెలిసుంటే చెప్పు. నేనేమీ అనుకోను." ఆ ఆఖరి మాటకు ఏడుపొచ్చేసింది.

ఆ పిల్ల ఏడిస్తే అంగమ్మాళ్‌కు చిన్నప్పటినుంచీ ముద్ద దిగదు. స్టవ్ ఆపేసి, కొంగుతో చేతులు తుడుచుకుని పీట లాక్కుని కూర్చుంది.

"నేనియ్యలేదే," అంది.

"ఎందుకియ్యలేదు?"

"ఆ దినం శుక్కురారం. ఉప్పే ఇయ్యని దినం రక్తం ఇస్తామా? కన్నెమ్మ కండ్లెదుట? మీ నాయన మొగోడు, ఆయనకు పట్టింపు లేదు, ఇచ్చినాడు. నేను ఈ ఇంటి కోడల్ని. ఇయ్యనంటే నువ్వు నొచ్చుకుంటావు. ఏం చేసేదా అని నిలబడుకోనుంటే సాంబ్రాణి భాయి వచ్చినాడు."

"ఎవురు?"

"అదేనే, పొగ వేసే భాయి. ఆయన్నడిగినా. నా బదులు నువ్వియ్యప్పా, మా పాప చదువుకు కావాలంట అన్నా. నీది మా ఇంటి రక్తం కాదు కదా, బయటికి పోయినా తప్పులేదన్నా. పాపకైతే తీసుకోండి అని చెయ్యి చాపినాడు పాపం."

"గుణశేఖరన్ అన్న ఊరకే ఉన్నాడా?"

"ఊరకే యాడ ఉన్నాడు? పేరు నీది, చెయ్యి ఆయనది, ఎట్లా అత్తా అన్నాడు. పోల్చి చూసేదానికే కదప్పా, ఎవురిదైనా ఎర్రగానే ఉంటాది అన్నా. ఇద్దరికీ చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చినా. తాగేసి పోయినారు."

కార్తిక తల పట్టుకుంది. వీధి చివర ల్యాబులో పనిచేసే గుణశేఖరన్‌కు పేర్లు రాసి పెట్టిన ట్యూబులు ఇచ్చి, తాను ఆ రోజు కాలేజీకి వెళ్ళిపోయింది. అదీ తన తెలివి. ఈ ఇంట్లో రాజేంద్రన్ వైపు వాళ్ళందరికీ పుట్టుకతోనే కొలెస్ట్రాల్ ఎక్కువ. పోల్చి చూడటానికి ఈ ఇంటి రక్తం కాని మనిషి కావాలని కోడలైన పెద్దమ్మను ఎంచుకుంది. పెద్దమ్మ తన బదులు ఇంకో మనిషిని ఎంచుకుంది. ఇంకేం, ల్యాబు కంటే కన్నెమ్మే పెద్ద గైడయింది.

కోపం రావలసిన చోట కార్తికకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తను తప్పు చేయలేదు. రెండు రోజులుగా గుండె మీద కూర్చున్న బరువు దిగింది. అందుకు ఎంత సంతోషం కలిగిందంటే, పెద్దమ్మను తిట్టాలన్న సంగతే మరిచిపోయింది.

"ఆయన పేరేంది? యాడుంటాడు?"

"భాయి. అంతే. పేరెవురడిగినారు?" అంది అంగమ్మాళ్. "మంచోడే. వీధిలో అందరి దగ్గరా డబ్బులు తీసుకుంటాడు, మన ఇంట్లో మాత్రం ఎంత చెప్పినా తీసుకోడు. మజ్జిగొకటే తాగుతాడు. శుక్కురారం తప్పడు. సునామీ వచ్చిన వారం కూడా వచ్చినాడు. ఈ దినమూ వస్తాడులే, ఏడవద్దు."

కార్తిక గుణశేఖరన్‌కు ఫోన్ చేసి సూది, ట్యూబులు తీసుకుని రమ్మంది. ఫోన్‌లోనే నాలుగు చీవాట్లు కూడా పెట్టింది. ఆ తరువాత వెళ్ళి తిన్నె మీద నాన్న పక్కన కూర్చుంది.

"ఆ భాయి రక్తంలో ఏముందమ్మా అంత?" అన్నాడు రాజేంద్రన్.

"ఎట్లా చెప్పేది నాయనా. పెండ్లిలో ఎంగిలాకులు ఎత్తేసే పిల్లకాయలుంటారు కదా. మన లివర్‌లోనూ అట్లాంటోళ్ళుండారు. రక్తంలోని కొలెస్ట్రాల్‌ను పట్టి ఎత్తేస్తా ఉంటారు. ఒక పెద్దమనిషి మాత్రం వాళ్ళను, చాల్లే ఇంక ఇంటికి పోండని పంపించేస్తా ఉంటాడు. ఆకులన్నీ పంక్తిలోనే మిగిలిపోతాయి. ఆ పెద్దమనిషి నోరు మూయించేదే నా పని."

"మీ పెదనాయన మాదిరి."

"మీ నాయన మాదిరి," అంది లోపలినుంచి అంగమ్మాళ్.

నోరు మూయించటం అనుకున్నంత తేలిక కాదు. జీన్ తన కబురును ఆర్‌ఎన్‌ఏగా పంపుతుంది. ఆ కబురు అందేలోపే దాన్ని కణంలో చింపేసే చిన్న ముక్కను కార్తిక తయారు చేసింది. గాజు పళ్ళెంలో పెంచిన లివర్ కణాల్లో అది బాగానే పనిచేసింది. అయితే కమిటీవాళ్ళు వచ్చిన ప్రతిసారీ ఒకే ప్రశ్న వేస్తున్నారు. ఆ జీన్ నోరు పూర్తిగా మూయిస్తే మనిషికి ఏమీ కాదని ఎవరు చెప్పారు? విదేశాల్లో అలా పుట్టిన వాళ్ళు ఒకరిద్దరు ఈ మధ్యనే బయటపడ్డారని కార్తిక చదివింది. మన దగ్గర చూపించడానికి ఎవరూ లేరు. ఇప్పుడు ఒకాయన ఉన్నాడు. పొగ డబ్బా ఊపుకుంటూ వీధి వీధీ తిరుగుతున్నాడు.

రాజేంద్రన్ చొక్కా పైగుండీ దగ్గర కుట్టు మచ్చను వేలితో రుద్దుకున్నాడు. అది ఆయనకు అలవాటు. "ఆ మందు నా కాలానికి వస్తాదా?"

"నీ కాలానికి వస్తాదో లేదో తెలీదు నాయనా. నా కాలానికి రావాలనే చేస్తా ఉండా." తండ్రి జబ్బు తనకూ వచ్చిందని కార్తికకు తెలిసి చాలా కాలమైంది. రోజూ మాత్ర వేసుకుంటుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోయినా అంగమ్మాళ్ ఆమె ముద్దలో నెయ్యి వేయదు.

ఎండ తిన్నె ఎక్కే వేళకు వీధి మలుపులో సాంబ్రాణి వాసన మొదలైంది. తెల్ల లుంగీ, ఆకుపచ్చ టోపీ, ఒక చేతిలో గొలుసుకు వేలాడే పొగ డబ్బా, ఇంకో చేతిలో నెమలీకల కట్ట. వయసు యాభైకి దగ్గరగా ఉంటుంది కానీ మనిషి చెరుకుగడలా ఉన్నాడు. ఎప్పటిలాగే గడప దగ్గర నిలబడి, లోపలికి నాలుగు సార్లు పొగ ఊపి, "అక్కా" అని పిలిచాడు. అంగమ్మాళ్ మజ్జిగ తెచ్చింది. గుణశేఖరన్ అప్పటికే వచ్చి, నేరం చేసినవాడిలా ఒక మూల నిలబడి ఉన్నాడు.

కార్తిక ఆయనతో తమిళంలో మాట్లాడింది. ఊరి భాష అదే, ఆయన ఎప్పుడూ తమిళమే మాట్లాడతాడు మరి. ముందు క్షమించమని అడిగింది. ఏమిటో చెప్పకుండా, సంతకం లేకుండా రక్తం తీసుకోవటం తప్పని చెప్పింది. మీ రక్తంలో మంచి విశేషం ఉంది, మళ్ళీ ఒకసారి ఇస్తే చాలామందికి ఉపయోగపడుతుంది, ఇష్టం లేకపోతే ఇవ్వనక్కరలేదంది. జీన్ గురించి, పెళ్ళి పంక్తి గురించి మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఆయన మజ్జిగ గ్లాసు పట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

అంగమ్మాళ్‌కు విసుగొచ్చింది. "ఆయనకివన్నీ ఏం అర్థమవుతాయే," అంది తెలుగులో, కార్తిక చెవి దగ్గర. "ఊరకే సంతకం పెట్టించుకో. నమాజుకు పోవాల ఆయన."

"అర్థమయింది అత్తా," అన్నాడు భాయి.

తెలుగులో అన్నాడు. అక్క అనలేదు, అత్తా అన్నాడు. ఆ మాట తీరు కూడా ఇప్పటిది కాదు. అంగమ్మాళ్ కోడలిగా వచ్చిన కొత్తలో అత్తగారి నోట విన్న తీరు. ఇన్నేళ్ళుగా ఈయన ముందు తెలుగులో ఏమేం మాట్లాడుకున్నామా అని ఆమె గబగబా గుర్తు చేసుకోసాగింది.

"మా మాట నీకెట్లొచ్చు?" అన్నాడు రాజేంద్రన్.

"మా జేజి నేర్పించింది మామా. ముదలియార్‌పేటలో మా ఇంట్లో జేజితో ఈ మాటే." ఆయన పొగ డబ్బాను జాగ్రత్తగా గడప పక్కన పెట్టాడు. "నా పేరు హనీఫా. జేజి అంటే మా నాయన్ను కన్న తల్లి. ఈ ఇంట్లోనే పుట్టింది. నిఖా అయినాక ఇంకో పేరు పెట్టినారు గానీ, పుట్టినప్పటి పేరు మీనాంబాళ్."

మొదట తేరుకున్నది అంగమ్మాళే. "మీనాంబాళా? ఆమె జొరమొచ్చి పోయింది కదప్పా. పెండ్లి కాకముందే."

"అట్లని ఊరికి చెప్పుకున్నారని జేజికి తెలుసు అత్తా. తాను మా తాతతో పోయిన బాధకు అన్న అట్లా చెప్పినాడు, చెప్పనీ అంటాది. కోపం లేదు. పుట్టింటికి మాత్రం శుక్కురారం శుక్కురారం పొగ వెయ్యమని మా నాయనకు చెప్పింది. నాయన తరువాత నేను. పుట్టింట్లో డబ్బులు తీసుకుంటే కాళ్ళు విరగ్గొడతా అన్నాది."

"ఆ గూట్లో..." అని అంగమ్మాళ్ లోపలికి చెయ్యి చూపించింది.

"తెలుసు. పావడ పెడతారని నేనే చెప్పినా. ఏటా ఏ రంగు పెట్టినారని అడుగుతాది. పోయినేడు పచ్చది పెట్టినారంటే, పచ్చ నాకు నప్పదని వాళ్ళకు తెలీదా అని అలిగింది."

ఆ పచ్చ పావడ అంగమ్మాళే ఎంచింది. బజారంతా తిరిగి ఎంచింది.

"అంటే ఉందా?" అన్నాడు రాజేంద్రన్. ఆయన చెయ్యి కుట్టు మచ్చ మీదే ఉండిపోయింది. "మా అత్త ఉందా?"

"ఉంది మామా. తొంభై దాటింది. మధ్యాహ్నం మటన్ లేకపోతే పోట్లాడతాది."

కార్తిక ముందుగా గుణశేఖరన్‌కు సైగ చేసింది. ఆ పిల్ల శాస్త్రవేత్త, మనలా నోరు తెరుచుకుని కూర్చోదు. హనీఫా సంతకం పెట్టాడు, చెయ్యి చాపాడు, ట్యూబు నిండింది. దాని మీద ఈసారి అసలు పేరు రాసింది. సోమవారం రఘునాథన్‌గారి ముందు నిలబడటానికి ఇక భయం లేదు. కానీ ఆమె ఆలోచన అప్పటికే ట్యూబును దాటిపోయింది. ఈ మంచి జీన్ ఈయనకు ఆ జేజి వైపునుంచే వచ్చి ఉంటే? ఈ ఇంటి రక్తం కాదని పెద్దమ్మ తెచ్చిన రక్తం ఈ ఇంటిదే అయితే? నాన్న జబ్బు పుట్టిన ఇంట్లోనే దానికి విరుగుడు కూడా పుట్టి, ఒకరోజు గడప దాటి వెళ్ళిపోయిందన్నమాట. ఇక కమిటీ ప్రశ్నకు జవాబు తొంభై ఏళ్ళుగా బతికి, మటన్ తిని, పావడ రంగుకు అలుగుతోంది. అయితే అది నిజమో కాదో జేజి రక్తం చూస్తే గానీ తెలియదు.

"జేజి రక్తం ఇస్తుందా?" అంది. అడగటానికి కొంచెం సిగ్గేసింది.

"ఇచ్చేదానికే వచ్చింది," అన్నాడు హనీఫా. "ఆ దినం మీరు నా రక్తం అడిగినారని చెప్పినా. పుట్టింటోళ్ళు రక్తం అడిగినారంటే పిలిచినట్టే, నన్ను తీసుకొనిపో అని అప్పటినుంచి ఒకటే పోరు. మలుపు దగ్గర ఆటోలో ఉంది."

రాజేంద్రన్ చెప్పులు వెతుక్కోసాగాడు. డాక్టరు నెమ్మదిగా లెమ్మన్నది ఆయనకు గుర్తు లేదు. అంగమ్మాళ్ పసుపు నీళ్ళ పళ్ళెం తేవడానికి పరుగెత్తబోయింది.

"ఒక్క మాట అత్తా," అన్నాడు హనీఫా. ఇంతసేపూ నవ్వుతూ మాట్లాడినవాడు తల దించుకున్నాడు. "జేజి చెప్పమన్నది. నేను చచ్చినానని పెట్టిన పీట ఆ ఇంట్లో ఉన్నంత వరకూ లోపల కాలు పెట్టను. అది గడప దాటి బయటికి వస్తే నేను గడప దాటి లోపలికొస్తా. లేదంటే ఇట్లనే వెనక్కి తిరిగిపోతా, అన్నాది."

అంగమ్మాళ్ గూటి వైపు తిరిగింది. తాను ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ దీపం పెట్టిన పీట. పిల్లలకు జ్వరాలొస్తే, మరిదికి గుండె కోస్తే, కార్తిక పరీక్షలకు వెళితే మొక్కుకున్న పీట. ఒక్కసారి కూడా ఆ కన్నెమ్మ ఆమె మాట తోసేయలేదు.

"పెద్దమ్మా," అంది కార్తిక. తన పని కోసం పీట తీయమని అడగటానికి ఆమెకు నోరు రాలేదు. తీయకపోతే పోగొట్టుకునేది ఏమిటో కూడా ఆమెకు తెలుసు.

"శుక్కురారమే," అంది అంగమ్మాళ్ గూటి ముందు నిలబడి. ఎవరితో అంటోందో తెలియలేదు. "ఉప్పు కూడా ఇయ్యని దినమే. నిన్ను లోపలికి పిలవాలంటే నిన్నే బయటికి పంపాలంటావా?" పీట అంచు దాకా చెయ్యి చాపింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వీధి మలుపులో జేజి కూర్చున్న ఆటో స్టార్టయిన చప్పుడు వినిపించింది.